గేదెలు చేపని రోజులు

మేము ఉప్పల్‌లో అద్దెకు దిగిన ఇంటి పెరట్లో నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. గోడకి ఇటు మా గది, అటు గేదెల కొట్టం. దిగిన మొదటి నెలంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే బట్టలు ఆరేశాను. ఇల్లు మారదామని మా ఆయన్ని రోజూ పోరేదాన్ని. ఆయన నాచారంలో లేత్ మిషన్ల షెడ్డులో పని చేసేవారు. నేనూ నాచారంలోనే, ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ పని చేసేదాన్ని. మాది కృష్ణా జిల్లా. ఈ ఊళ్ళో మాకు చుట్టాలు గానీ, కష్టం వస్తే పిలవదగ్గవాళ్ళు గానీ లేరు.

కొట్టం నడిపేది భువనగిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆలుమగలు. ఆమెను నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. అలా ఆమె భర్త నాకు బావ అయ్యాడు. వాళ్ళ పిల్లలిద్దరూ ఊళ్ళో నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేవాళ్ళు. బావ పొద్దున్నే మూసీ నది పక్క మడుల్లోంచి పచ్చగడ్డి మోపులు తెచ్చేవాడు, మోపెడ్‌కి క్యాన్లు కట్టుకుని ఇంటింటికీ పాలు పోసి వచ్చేవాడు. పాలు తీయడం మాత్రం అక్క పనే. ఉన్నవి ఆరు గేదెలు. ఆరూ ఆమె చేతికే అలవాటు పడ్డాయి.

కాన్పుకి మా ఊరు వెళ్ళి, పాపను తీసుకుని తిరిగొచ్చేసరికి దానికి అయిదో నెల. పనిలోకి వెళ్ళకపోతే నా చోటు ఇంకొకరికి పోతుంది. వెళ్తే పిల్లను ఎవరి దగ్గర ఉంచాలి? గోడ దగ్గర నిలబడి ఏడుస్తున్న పిల్లను జోకొడుతూ, లోలోపల ఇదే గుంజాటన పడుతుంటే అక్క అటువైపు నుంచి చూసింది.

"నాకాడ ఇడిసిపెట్టి పో చెల్లె. ఆరు బర్రెలను సూస్కుంటున్న. గీ పిట్టంత పిల్లను సూస్కోనా?"

"ఊరికే ఎలా అక్కా?"

"ఊరికే ఎవలన్నరు? మా బోరు నీళ్ళు ఉప్పుప్పగ ఉన్నయి. నీ నల్లా నీళ్ళు రెండు బిందెలియ్యి. కుడితి మోరీల పారబొయ్యకు, నాకియ్యి."

అప్పటి నుంచి గోడ మీదుగా రాకపోకలు మొదలయ్యాయి. ఇటు నుంచి మంచినీళ్ళు, కడుగు నీళ్ళు, కూరగాయల తొక్కలు అటు వెళ్ళేవి. అటు నుంచి పాలు ఇటు వచ్చేవి. పొద్దున పాప కూడా ఆ గోడ మీదుగానే అక్క చేతుల్లోకి వెళ్ళి, సాయంత్రం ఒంటినిండా పేడవాసనతో నా చేతుల్లోకి వచ్చేది. దాన్ని కొట్టంలోనే, రెండు గుంజల మధ్య పాత చీరతో కట్టిన ఉయ్యాలలో పడుకోబెట్టేది అక్క. ఒక ఆదివారం నేనూ అక్కడే కూర్చుని చాలాసేపు చూశాను. ఊరంతా స్నానాలు చేసి, బట్టలుతికి వదిలిన మురికినీళ్ళు మూసీలోకి పోతాయి. ఆ నీళ్ళతో గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డి తిని గేదెలిచ్చిన పాలు మళ్ళీ అదే ఊరు తాగుతుంది. గేదెల వీపుల మీద గోరువంకలు గెంతుతూ పిడుదులు ఏరుకు తింటున్నాయి. పేడ బండ్లకెక్కి మొక్కల నర్సరీలకు పోతోంది. అక్కడ ఏ ప్రాణీ తన తిండి తాను ఒక్కటే సంపాదించుకోవడం లేదు. ఆ ఆలోచన నాకు ఊరట ఇవ్వాల్సింది. కానీ భయం వేసింది. ఇందులో ఒక్కటి ఆగిపోతే?

పనిలో కూర్చున్నా నా మనసు మనసులో ఉండేది కాదు. మధ్యాహ్నం కాకముందే రొమ్ములు బరువెక్కి నొప్పి పుట్టేవి. బస్సులో ఎవరి పిల్లో ఏడిస్తే చాలు, నాకు పాలు చేపుకొచ్చేవి. కొంగు రెండు మడతలు వేసి అడ్డం పెట్టుకునేదాన్ని. ఉప్పల్‌లో దిగీ దిగగానే పరుగు. సందులోకి తిరిగి, కొట్టంలోంచి పాప గొంతు వినబడితేనే నా నడక నెమ్మదించేది.

పాపకి ఏడో నెల వచ్చినప్పుడు వానలు పట్టుకున్నాయి. చికున్‌గున్యా జ్వరాలు ఊరంతా పాకిన ఏడు అది. మూసీ వైపు నుంచి దోమలు మబ్బులా లేచి వచ్చేవి. మా సందులో మనుషులు గోడలు పట్టుకుని, వంగిపోయి నడిచేవాళ్ళు. ప్యాకింగ్ టేబుల్ దగ్గర సగం కుర్చీలు ఖాళీ. జ్వరం తగ్గినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి వదలవని అందరూ చెప్పుకునేవాళ్ళు. నేను పాపకి నిండుగా బట్టలు తొడిగి, ఉయ్యాల మీద దోమతెర కప్పి వెళ్ళేదాన్ని. వెళ్ళాక మళ్ళీ అదే ఆలోచన. తెర పక్కకి జరిగిందేమో, దోమ లోపలికి దూరిందేమో.

ఆ సాయంత్రం సందు తిరిగేసరికి పాప గొంతు వినబడింది. కానీ అది మామూలు ఏడుపు కాదు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. గోడ దూకినంత పని చేసి అటు వెళ్ళాను. పాప నేల మీద గోనెపట్టా మీద ఉంది. అక్క గుంజకి ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తోంది.

"ఎత్తుకుందామంటే చేతులు లేస్తలెవ్వు చెల్లె. ఉయ్యాలలకెళ్ళి దించినంక మళ్ళ ఎత్తలేకపోయిన. ముందట కూసొని ముచ్చట్లు చెప్పిన. ఎంతసేపని ఇంటది?"

ఆమె నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. వేళ్ళు లావుగా వాచి, పిడికిలి మూసుకోవడం లేదు.

అప్పుడు నాకు కలిగిన మొదటి ఆలోచన ఆమె నొప్పి గురించి కాదు. రేపు పాపను ఎవరు చూసుకుంటారన్నది. రెండో ఆలోచనకి గేదెల అరుపులే కారణం. పాలు తీసే వేళ దాటిపోయింది. ఆరూ కట్టుగొయ్యల దగ్గర కాళ్ళు మార్చుకుంటూ అక్క వైపు మెడలు తిప్పి చూస్తున్నాయి.

బావ పాలు తీయడానికి కూర్చున్నాడు. దూడలున్న రెండు గేదెలూ దూడకి చేపి, ఆయన చెయ్యి పడగానే పాలు పైకి లాక్కుని ఎగచేపేశాయి. మిగతావి దగ్గరికే రానివ్వలేదు. ఒకటి బకెట్ తన్నేసింది. మర్నాడు పొద్దునా అదే జరిగింది. రోజూ పాలు పోయించుకునే ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చి, గొణుక్కుంటూ ప్యాకెట్ పాలకి పోయారు. నేను ఆ రోజు పనికి వెళ్ళలేదు.

రెండోనాడు బావ అక్క చీర కట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని వచ్చాడు. గేదెలు కొన్నిసార్లు అలా మోసపోతాయట. గోడ మీద నుంచి చూస్తున్న ఆడవాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వారు. జ్వరంలో మంచం మీదున్న అక్క కూడా నవ్వబోయి, నొప్పికి మూలిగింది. మొదటి గేదె చీరను వాసన చూసింది. ఆయన చేతికి అంటిన బీడీ కంపు తగిలిందేమో, బుస్సుమని మొహం తిప్పేసింది. ఆయన చీర కుచ్చిళ్ళు పట్టుకుని అలాగే గడ్డి మోపు మీద కూలబడ్డాడు. ఇంకెవరూ నవ్వలేదు.

పొదుగులు బిగదీసుకుపోయాయి. కొత్తగా ఈనిన గేదెకి ఒక పక్క వాచి ఎర్రబడింది. అక్క మంచం మీద నుంచే అరిచింది. "దాన్ని డాక్టరుకు సూపియ్యరాదు? పాలు గడ్డకడితే చన్ను పోతది!"

బావ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఒక చిన్న సీసా, సూది తెచ్చాడు. సీసా మీద చీటీ లేదు. మా ప్యాకింగ్‌లో చీటీ లేని సీసా ఒక్కటి దొరికినా ఆ పెట్టె మొత్తం పక్కన పెట్టేవాళ్ళు. "ఇదేం మందు బావా?" అని అడిగాను.

"పాలు ఇడిసే మందు. ఊళ్ళె అందరు ఏస్తరు. ఏం గాదు."

అక్క మంచం దిగి వచ్చింది, తూలుతూ. "సూది అలవాటైతే రేపు నా చేతికి గూడ ఇయ్యది. నీ కాళ్ళు మొక్కుత, ఆ పని జేయకు."

"మరేం జేయమంటవ్? పొదుగు పగులుతుంటే సూస్కుంట కూసోవాల్నా?"

ఆయన మాటా అబద్ధం కాదు. మూడు గేదెలకి పొడిచాడు. అవి ఒళ్ళు విదిల్చి బెదిరాయి, కాసేపటికి పాలు వదిలాయి. బావ ఒక చెంబుడు పాలు గోడ మీద పెట్టి, "పాపకు కాగవెట్టు" అని వెళ్ళిపోయాడు. కాచాను. పొయ్యి దగ్గర గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. పాప ఆకలికి నా జాకెట్టు లాగుతోంది. నాకు అప్పటికే పాలు తగ్గిపోయాయి, దిగులు వల్లో, తిండి సరిగా లేకో. ఆ సీసాలో ఏముందో, పాలల్లోకి ఎంత వస్తుందో, వస్తే ఏమవుతుందో నాకు తెలీదు. ఏమీ కాకపోవచ్చు. గిన్నె ఎత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. చివరికి మోరీలో పారబోసి, పప్పుకట్టులో అన్నం మెదిపి పాపకి పెట్టాను. అది సగం ఉమ్మేసింది.

ఆ మర్నాడు బావ కూడా జ్వరంతో పడ్డాడు. అక్కకి జ్వరం దిగింది గానీ చేతులు అలాగే ఉన్నాయి. పొద్దున కొట్టంలో ఆమె బావ మీద అరుస్తుంటే విన్నాను. "నా గొంతు ఇంటె ఇస్తయి, నిజమే. గొంతుతోని పిండుతనా?"

నేను గోడ దగ్గర పాపను చంకలో పెట్టుకుని ఉన్నాను. "చేతులు నావి పెట్టుకో అక్కా," అన్నాను.

ఆమె నా వంక అనుమానంగా చూసింది. "ఎప్పుడన్న పిండినవా?"

"లేదు."

"తంతది."

"తన్నితే తన్నిందిలే."

అక్క చీర కట్టుకున్నాను. ఆమె పాతది, ఉతకనిది ఏరి ఇచ్చింది. పాపను ఉయ్యాలలో వేశాను. వేణ్ణీళ్ళతో పొదుగు కడిగి, చేతులకి నూనె రాసుకుని, మోకాళ్ళ మధ్య బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. గేదె పొట్ట ఒక గోడలా నా మొహానికి ఆనుకుని ఉంది. లోపల ఏదో గుడగుడలాడుతోంది. అక్క దాని తల దగ్గర పీట వేసుకుని, మోచేత్తో గంగడోలు నిమురుతూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"మా తల్లి గదా. మంచిగ నిలబడు. అట్ల గుంజకు తల్లీ, అట్ల గుంజకు. పై నుంచి కిందికి, మెల్లగ..."

ఆమె చెబుతున్నది గేదెకో నాకో కాసేపటి వరకూ తెలియలేదు. ఇద్దరితోనూ ఒకే గొంతుతో మాట్లాడుతోంది. నాకు ఒక్క చుక్కా రాలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. గేదె కాలు ఎత్తింది, దించింది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. ఇంతలో పాప లేచి ఏడుపు అందుకుంది. లేవబోతే అక్క ఆపింది. "లేవకు, లేస్తె మళ్ళ ఎగజేపుతది." పాప ఏడుస్తూనే ఉంది. తగ్గిపోయాయనుకున్న నా పాలు జివ్వున చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. అక్క చూసి, ఆ నాలుగైదు రోజుల్లో మొదటిసారి గట్టిగా నవ్వింది. "బర్రె కంటె ముందు నువ్వు చేపినవ్!"

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే చెయ్యి వేశాను. చన్ను నా వేళ్ళ మధ్య నిండింది. మొదటి ధార బకెట్ బయట పడింది, రెండోది నా కాలి మీద, మూడోది బకెట్ అడుక్కి తగిలి చప్పుడు చేసింది. నేను చేపడానికీ అది చేపడానికీ ఏమైనా సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. అక్క మాత్రం మాట ఆపలేదు.

ఆరింటికీ తీసేసరికి మధ్యాహ్నమైంది. సూది పడిన మూడూ చాలా సతాయించాయి, సరిగా ఇవ్వలేదు. కొత్తగా ఈనిన దానికి వాపు ఉన్న వైపు ముట్టుకుంటే ఒళ్ళు తిప్పేసేది. సాయంత్రం నేనే పశువుల డాక్టర్ని పిలుచుకొచ్చాను. ఆయన మందు రాసిచ్చి, "ఆలస్యం చేశారు" అన్నాడు. గేదె బతికింది. ఆ చన్ను ఎండిపోయింది.

పాలు తీస్తే సరిపోదు, ఇళ్ళకి చేరాలి కదా. ఆ రాత్రి మా ఆయనకి చెబితే మండిపడ్డారు. "మనం ఇంత దూరం వచ్చింది పక్కింటి గేదెలకి చాకిరీ చెయ్యడానికా? నీ ఒంటి నిండా పేడ కంపు." పొద్దున లేచేసరికి ఆయన బావ మోపెడ్‌కి క్యాన్లు కట్టుకుంటున్నారు, ముడి ఎలా వెయ్యాలో తెలీక తిట్టుకుంటూ. షిఫ్టుకి ముందు నాచారం దారిలో సగం ఇళ్ళు, వచ్చాక మిగతా సగం. గడ్డి మడుల వాళ్ళు ఆటోలో మోపులు పంపారు.

కంపెనీకి కబురు పంపాను, ఇంకొన్నాళ్ళు రాలేనని. వారం పోయాక వెళ్ళేసరికి నా కుర్చీలో వేరే అమ్మాయి ఉంది. సూపర్‌వైజర్ తలెత్తకుండానే, "కాంట్రాక్టర్ని అడుగు" అన్నాడు. కాంట్రాక్టర్ ఫోను తీయలేదు. తిరుగు బస్సులో నాకు అక్క మీద ఎక్కడలేని కోపం వచ్చింది. జ్వరం ఆమె తెచ్చుకున్నది కాదని తెలుసు. అయినా వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. రెండు పూటలా వెళ్ళి పాలు మాత్రం తీశాను. గేదెతో ఆమె మాట్లాడుతుంటే నేను మొహం పొట్టకి ఆనించి వింటూ ఉండేదాన్ని. మూడో రోజు ఆమె గేదెతోనే అంది, "నీ పిన్ని అలిగిందే. ఎందుకో అడుగరాదు?" నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం సంగతి అప్పుడు చెప్పాను. ఆమె సముదాయించలేదు. "నేను అన్యాలం చేసిన నిన్ను," అని మాత్రం అంది.

తర్వాత వంతు నాది. అక్క వేళ్ళు కొంచెం ముడుచుకునే వేళకి నాకు గున్యా వచ్చింది. మంచం మీద పక్కకి తిరగలేకపోయాను. అక్క ఆ వంకర వేళ్ళతోనే పాపకి స్నానం పోసేది, సబ్బు జారిపోతే తిట్టేది, నాకు రాగి జావ కలిపి ఇచ్చేది. గేదెలు మళ్ళీ ఆమె చేతికి వచ్చాయి. పూర్తిగా కాదు. సూది పడినవాటిలో ఒకటి చివరి వరకూ మొండికేసేది. పాపకి మాత్రం జ్వరం రాలేదు. ఎలా తప్పించుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చలికాలంలో నాచారంలోనే ఇంకో యూనిట్‌లో నాకు పని దొరికింది. పాప నడక నేర్చింది కొట్టంలోనే, దూడల మెడతాళ్ళు పట్టుకుని.

కొన్నేళ్ళకి మూసీ పక్క మడులు ప్లాట్లయ్యాయి. గడ్డి దూరం నుంచి రావాల్సి వచ్చింది. సందులో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల వాళ్ళు వాసన అని, దోమలని గొడవపడ్డారు. కొట్టం స్థలం వాళ్ళది కాదు. స్థలం అమ్ముడుపోయాక అక్క, బావ గేదెల్ని లారీలో ఎక్కించుకుని ఘట్‌కేసర్ దాటి వెళ్ళిపోయారు. మేము ఆ గదిలోనే ఉండిపోయాం. గోడ అవతల నాలుగంతస్తులు లేచాయి.

రాష్ట్రం కోసం బందులు జరిగిన రోజుల్లో మా ఆయన షెడ్డు సగం దినాలు మూసే ఉండేది. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. కానీ టీ బండి దగ్గర మా యాస వినగానే మాటలు ఆగిపోవడం ఆయన గమనించేవారు. ఇంటికొచ్చి, "వెళ్ళిపోదామా?" అనేవారు. ఎక్కడికి అని నేను అడగలేదు. ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "ఆడ ఏమన్న లొల్లి ఉంటే ఇటు రాండ్రి. మాకు తెలంగాణ గావాలె, నిజమే. దానికీ మీకూ ఏంది?"

రాష్ట్రం వచ్చిన ఏడు, ఎండాకాలం సెలవుల్లో పాపను తీసుకుని చూడటానికి వెళ్ళాం. రేకుల షెడ్డు, ఇరవై గేదెలు. బావ తల నెరిసిపోయింది. అక్క వేళ్ళు ఆ జ్వరం నాటి నుంచి పూర్తిగా ముడుచుకోవడం లేదట. పాలు తీయడానికి బీహార్ నుంచి వచ్చిన ఒక మనిషిని పెట్టుకున్నారు. అతను గేదెలతో హిందీలో మాట్లాడుతున్నాడు. అవి చెవులు వాల్చి వింటున్నాయి.

"ఇప్పుడు వాటికి నా మాట ఎక్కుతలేదు చెల్లె," అంది అక్క, నవ్వినట్టే. "మొన్న ఆ బీహార్ ఆయన ఊరికి పోయిండు. నేను పోయి నిలబడి ఆయన లెక్క హిందీల మాట్లాడిన. గప్పుడు ఇచ్చినయి. గీ వయసుల నాకు హిందీ నేర్పినయి."

మేము బయల్దేరుతుంటే ఆమె నా భుజం పట్టుకుంది. "మీరు పోతలేరు గదా? ఇక్కడనే ఉంటరు గదా?"

"ఎక్కడికి పోతాం అక్కా?" అన్నాను. అది ఆమె అడిగినదానికి సరైన జవాబు కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసినట్టుంది.

తిరిగి వచ్చేసరికి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో పనుల కోసం దారి మళ్ళించారు. ఏళ్ళ తరబడి తిరిగిన కూడలిలో, ఏ సందులోంచి వెళ్తే ఇంటికి చేరతామో తెలీక మా ఆయన బండి పక్కకి ఆపారు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. పాప మా ఇద్దరి మధ్య కూర్చుని, "ఎటు వెళ్దాం?" అని అడుగుతోంది.